విద్యాలయ కైంకర్యము

తిరుమల యాత్ర చేసి వచ్చినవారిని "ఏమి చూచితిరి?" అని అడిగినచో ముందుగా శ్రీవారి దివ్యమంగళ విగ్రహమును వర్ణింతురు. పిదప కొంచెము నిలిచి ఆలోచించినవారు మరియొక మాట కూడ చెప్పుదురు: "అచ్చట ఏ పనియు ఆగదు." సుప్రభాతము మొదలు ఏకాంతసేవ వరకు ఒక్కొక్క సేవకు ఒక్కొక్క వేళ కలదు, ఒక్కొక్క వేళకు బాధ్యుడగు మనుష్యుడు కలడు. తలుపులు తెరచిన పిమ్మట తొలుత లోనికి ప్రవేశించు భాగ్యము సన్నిధిగొల్లది. తీర్థము తెచ్చువారు వేరు, పూమాలలు కూర్చువారు వేరు, ప్రసాదములు వండువారు వేరు, వేదపారాయణము చేయువారు వేరు. వీరిలో ఎవరి పనియు చిన్నది కాదు. ఒకడు తన పని మానినచో తక్కిన అందరి పనియు నిలిచిపోవును. ఇట్లు స్వామికొరకు వేళ తప్పక, ఫలము కోరక చేయు పనికి మన పెద్దలు కైంకర్యమని పేరు పెట్టిరి.

ఈ వ్యాసమున నేను మనవి చేయదలచినది ఒక్కటే. ఆ కైంకర్యదృష్టి మన వీథిచివర నున్న పాఠశాలను ఏల చేరలేదు? గుడిలో దీపము కొండెక్కిన తల్లడిల్లు మనము, బడిలో కుళాయి ఎండిపోయినచో "అది సర్కారు పని" యని ఏల ఊరకుందుము? పాఠశాల నిర్వహణ యనునది అధికారుల లెక్కలకు మాత్రమే సంబంధించిన విషయము కాదనియు, అది గృహస్థులు పాలుపంచుకొనవలసిన కైంకర్యమనియు నా మనవి. నలువది ఏండ్ల క్రిందట ఉపాధ్యాయవృత్తిలో చేరి, అందులో అధికభాగము హైదరాబాదు పాతబస్తీలో గడపినవాడను. నేను చేసిన ఒక తప్పిదము ఈ వ్యాసమునకు ప్రేరణ. దానిని తగినచోట విన్నవింతును.

చార్మినారు నీడలో

1591లో ముహమ్మదు కులీ కుతుబ్‌షా తన క్రొత్త నగరమునకు నడుమ చార్మినారు కట్టించెను. దాని పై అంతస్తున మసీదు కలదు. పూర్వము ఆ కట్టడములోనే ఒక మదరసా కూడ నడిచెడిదని ప్రతీతి. ఆ మీనారులను చూడవచ్చువారు ఎత్తును కొలతురు, బొమ్మ తీసికొందురు, లాడ్‌బజారులో గాజులు కొందురు. ఇచ్చట ఒకప్పుడు పిల్లలు చదివిరన్న మాటను తలచువారు తక్కువ. నగరము యొక్క నట్టనడుమ చదువునకు చోటుండవలెనన్న భావన ఈ నేలకు క్రొత్త కాదు. దివానుగ నుండిన మొదటి సాలార్‌జంగు దారుల్ ఉలూమ్ అను విద్యాలయమును ఈ నగరమున నెలకొల్పెను.

వైష్ణవులకును ఈ ప్రాంతము పరాయిది కాదు. మూసీనది ఒడ్డున జియాగూడలో శ్రీరంగనాథస్వామి వెలసియున్నాడు. వైకుంఠ ఏకాదశినాడు అచ్చటి ఉత్తరద్వారము ముందు వేలకొలది జనులు బారులు తీరుదురు. సీతారామబాగులో గనేరీవాలా వంశీయులు పందొమ్మిదవ శతాబ్దిలో కట్టించిన రామాలయము కలదు. వేదాంతవర్ధినీ సంస్కృత కళాశాల ఆ సీతారామబాగులోనే నడచినది. గుడిని ఆనుకొని విద్యాస్థానముండుట మన సంప్రదాయమని చెప్పుటకు దూరము పోనక్కరలేదు. ఈ నగరమే సాక్షి.

ఇట్టి చోట సామాన్యుల పిల్లలు చదువు ప్రభుత్వ పాఠశాలల స్థితి ఎట్లుండెను? నేను ఎరిగినంతలో చెప్పుదును. పలు పాఠశాలలు అద్దె ఇండ్లలో నడచెడివి. ఒకప్పుడు ఏదో కుటుంబము కాపురముండిన ఇల్లు. నడుమ ఆకిలి, చుట్టును చీకటి గదులు. ఒకే కప్పు క్రింద రెండు మూడు పాఠశాలలు. ఒక గదిలో తెలుగు వాచకము, ప్రక్క గదిలో ఉరుదూ వాచకము, గోడ పలుచన యగుటచే రెండును కలిసి వినబడుచుండును. స్థలము చాలక ఒక బడి ఉదయమును, మరియొక బడి మధ్యాహ్నమును నడచుట కద్దు. ఇల్లుగలవాడు మరమ్మతు చేయడు, అద్దె చాలదనును. ప్రభుత్వము చేయదు, ఇల్లు తనది కాదనును. నడుమ నలిగిపోవునది బిడ్డ.

ప్రహ్లాదుని పాఠశాల

అయినను మంచి భవనముండినంతమాత్రమున మంచి చదువు వచ్చునా? ఈ ప్రశ్నకు శ్రీమద్భాగవతము సప్తమస్కంధము సమాధానము చెప్పుచున్నది.

హిరణ్యకశిపుడు తన కుమారుని చదువునకు ఏ లోటును చేయలేదు. శుక్రాచార్యుని పుత్రులగు చండామార్కులను గురువులుగ నియమించెను. విద్యాలయము రాజగృహమునకు సమీపముననే యుండెను. తోడి బాలకులుండిరి. పాఠ్యక్రమము ఉండెను: ధర్మార్థకామములు, రాజనీతి. నేటి లెక్కలలో చూచినచో ఆ పాఠశాలకు అన్ని అంశములలోను పూర్తి మార్కులు వేయవలసినదే.

కాని అచ్చట ఒక దోషముండెను. గురువులు రాజునకు వెరచిరి. ఆ వెరపును పిల్లలపై దించిరి. "నీవు చదివినదానిలో మేలైనది చెప్పుము" అని తండ్రి తొడపై కూర్చుండబెట్టుకొని అడిగినప్పుడు ప్రహ్లాదుడు తన మనస్సునకు తోచిన సత్యమును చెప్పెను. రాజు కోపగించెను. వెంటనే గురువులు చేసినదేమి? బాలునితో వాదింపలేదు, అతని మాటలోని లోతు ఏమని తరచి చూడలేదు. "ఈ బుద్ధి నీకు ఎచ్చటినుండి వచ్చినది? మా పేరు చెడగొట్టితివి" అని బెత్తమునకు చేయి చాపిరి. బిడ్డ ఏమి నేర్చెననుట వారికి ముఖ్యము కాదు. పరీక్షకునిముందు తమ పరువేమగునో యనుట ముఖ్యము.

మరి ఆ పాఠశాలలో నిజమైన చదువు ఎప్పుడు జరిగినది? గురువులు ఇంటిపనుల మీద వెడలినప్పుడు. బాలకులు ఆటకు పిలువగా ప్రహ్లాదుడు వారిని చుట్టును కూర్చుండబెట్టుకొని మృదువుగ మాటలాడెను. వారు ఆటవస్తువులను విడిచి అతని ముఖమునే చూచుచు వినిరి. బెత్తము లేదు, భయము లేదు. అడుగువాడును చెప్పువాడును ఒకే నేలపై కూర్చుండిరి. గీతాచార్యుడు జ్ఞానార్జనకు చెప్పిన సాధనములలో ప్రణిపాతము, సేవలతోపాటు పరిప్రశ్నము, అనగా చక్కగా అడుగుట, ఒకటి. భయమున్నచోట ప్రశ్న పుట్టదు. ప్రశ్న పుట్టనిచోట చదువు కంఠమున నిలుచునే కాని హృదయమునకు దిగదు.

కావున విద్యావాతావరణమనగా ముందుగా భయము లేకుండుట. గోడలు, బల్లలు, రంగులు పిమ్మటి మాట. అవి అనావశ్యకములని నా భావము కాదు. భయము వానిలో కూడ దాగియుండునని ఇప్పుడు చెప్పబోవు విషయమువలన తెలియగలదు.

ఒక తాళపుచెవి

1996 ప్రాంతమున నేను చార్మినారునకు సమీపమున నొక సందులోనున్న పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగ నుంటిని. దాని పేరు ఇచ్చట అనవసరము. ఆకిలిలో రెండు మరుగుదొడ్లుండెను. బజారుజనులు వచ్చి వానిని పాడుచేయుచున్నారని నేను తాళము వేయించి, తాళపుచెవిని నా సొరుగులో పెట్టుకొంటిని. పుస్తకముల బీరువా తాళపుచెవియు అందే యుండెను. ఒక్క పుస్తకము తక్కువయైనను లెక్క చెప్పవలసినవాడను నేనే కావున, బీరువా తెరువకుండుటయే క్షేమమని తలచితిని. సామగ్రి చెడలేదు, పుస్తకము పోలేదు, పట్టీలన్నియు సరిగా నుండెను. తనిఖీకి వచ్చిన అధికారి మెచ్చుకొని సంతకము చేసి పోయెను. నేనును మంచి నిర్వాహకుడననియే తలచుచుంటిని.

దసరా సెలవులు ముగిసిన తరువాత ఎనిమిదవ తరగతి చదువు బాలిక యొకతె బడికి రాలేదు. చురుకైన పిల్ల; లెక్కలలో మొదటిది. కొన్ని దినములకు ఆమె తల్లి బదిలీపత్రమునకై వచ్చినది. ఆమె లక్కగాజులకు అద్దములు పొదుగు పని చేయునది. బడి ఏల మాన్పించుచున్నావని మందలించితిని. ఆ తల్లి తలవంచుకొని ఇట్లన్నది:

"మాన్పియ్యాలని నాకు మాత్రం ఉంటదా సార్? పొద్దున వచ్చిందంటె సాయంత్రందాక పిల్ల మంచినీళ్ళు ముట్టదు. తాళంచెవి మీ దగ్గర ఉంటది గద, మిమ్ముల అడగనీకె శరమైతదంటది. పెద్దపిల్ల అయింది. కడుపునొప్పితోని రెండుసార్లు దవాఖానకు తీసుకపోయిన."

నేను మారుమాట చెప్పలేకపోతిని. ఆ దినముననే తాళపుచెవిని తీసి బాలికల గది తలుపు ప్రక్క మేకునకు తగిలించితిని. పని చేయు ఆయమ్మతో, "ఇది ఇక నీ బాధ్యత, దినమునకు రెండుమారులు నీళ్ళు నింపవలెను" అని చెప్పితిని. బీరువా తాళమును పెద్ద తరగతి పిల్లల చేతికిచ్చితిని. ఆ సంవత్సరము ఏడు పుస్తకములు పోయినవి, తక్కినవి చదువబడినవి. కాని ఆ బాలిక మరల రాలేదు. ఇంటికి పోయి అడిగితిని. అప్పటికే ఆమె తల్లి ప్రక్కన కూర్చుండి గాజులకు అద్దములు పొదుగుచున్నది. నన్ను చూచి లేచి నమస్కరించినది. ఆ నమస్కారమును నేటికిని మరువలేను.

చండామార్కులు బెత్తము పట్టిరి. నేను తాళపుచెవి పట్టితిని. ఇంతకంటె భేదమేమి?

నీరు మోసిన ఆచార్యుడు

పిమ్మట చాలకాలమునకు తిరుమలలో తణ్ణీరముదు ఉత్సవము చూచు భాగ్యము కలిగినది. తిరుమలనంబి చరిత్రను నేను చిన్ననాటనే వినియుంటిని. కాని దాని అర్థము ఆ దినముననే తెలిసినది.

శ్రీశైలపూర్ణులని ప్రసిద్ధులైన తిరుమలనంబి భగవద్రామానుజులకు మేనమామ. స్వామి అభిషేకమునకు దినదినము పాపవినాశనమునుండి కుండతో తీర్థము తెచ్చుట వారి కైంకర్యము. వృద్ధులైనను మానలేదు. ఒకనాడు దారిలో వేటగాని వేషమున నొక బాలుడు "తాతా, దాహము!" అని అడిగెననియు, ఇది స్వామి తీర్థమని వారు ఈయకపోగా ఆ బాలుడు కుండకు చిల్లుచేసి త్రాగెననియు, పిదప దగ్గరలోనే ఆకాశగంగను చూపెననియు ఐతిహ్యము. అట్టి తిరుమలనంబియే రామానుజులను కొండదిగువన కూర్చుండబెట్టుకొని ఒక సంవత్సరకాలము శ్రీమద్రామాయణ రహస్యములను బోధించిరి.

పాఠము చెప్పిన ఆ చేతులే నీళ్ళు మోసిన చేతులు. నేను రెంటిని వేరుచేసితిని. పాఠము చెప్పుట గౌరవమనియు, నీటి సంగతి చపరాసీ చూడవలెననియు తలచితిని. దాహమని అడిగిన బాలుడు శ్రీనివాసుడే యని ఆ కథ చెప్పుచుండగా, అడుగుటకు కూడ నోరురాని బాలిక నా బడిలో నుండెను.

రామానుజుల ఏర్పాటు

భగవద్రామానుజులు శ్రీరంగమునకు వచ్చినప్పుడు కోవెల నిర్వహణను చక్కదిద్దిన విధము కోయిలొళుగు అను దేవాలయ చరిత్రలో కలదు. పరిచారకులను పది వర్గములుగ ఏర్పరచి, ఎవరి పని ఏదియో, ఎవరు ఏ వేళకు హాజరు కావలెనో నిర్ణయించిరి. శ్రీభాష్యకర్త యగు మహానుభావుడు ధాన్యపు కొట్టు, వంటశాల, పూదోట, పాత్రసామగ్రి వీనిని గూర్చి ఆలోచించుట తన జ్ఞానమునకు తక్కువయని భావింపలేదు.

ఆ ఏర్పాటునుండి మనము నేర్వవలసినవి మూడు. ఒకటి, ప్రతి పనికి పేరుగల ఒక మనుష్యుడుండవలెను. "అందరిది" యన్న పని ఎవరిదియు కాదు. రెండు, ఆ పనిని చేయుటకు కావలసిన అధికారము, అనగా తాళపుచెవి, ఆ మనుష్యుని చేతనే యుండవలెను. మూడు, పెద్ద పని చిన్న పని యన్న తారతమ్యము సన్నిధిలో లేదు. పాఠశాల నిర్వహణకు ఇంతకంటె వేరు శాస్త్రము అక్కరలేదని నా నమ్మకము.

చట్టము ఇచ్చిన చోటు

నేడు గృహస్థులు "మాకు బడిలో ఏమి అధికారము?" అని అనుటకు వీలులేదు. బాలలకు ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2009లో వెలువడి, 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. ఆరు మొదలు పదునాలుగు ఏండ్లలోపు బాలబాలికలందరికి అది వర్తించును. ప్రభుత్వ, స్థానిక సంస్థల పాఠశాలలకును, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలకును నిర్వహణ సంఘముండవలెనని అందు నిర్దేశింపబడినది. ఆ సంఘ సభ్యులలో నాలుగింట మూడువంతులు తలిదండ్రులు లేక సంరక్షకులు కావలెను. సగము మంది స్త్రీలు కావలెను. పాఠశాల పనితీరును గమనించుట, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయుట, వచ్చిన ధనము ఎట్లు వినియోగమైనదో చూచుట వారి విధులు. ఉపాధ్యాయునకు ఒక గది, బాలురకు బాలికలకు వేరువేరు మరుగుదొడ్లు, త్రాగునీరు, వంటగది, ఆటస్థలము, గ్రంథాలయము ఉండవలెనని ఆ చట్టపు అనుబంధమే చెప్పుచున్నది. ప్రాథమిక తరగతులలో ముప్పదిమంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడుండవలెనని లెక్క.

ప్రభుత్వములును ధనము వెచ్చింపలేదనుటకు లేదు. ఆంధ్రప్రదేశమున 2019 నవంబరులో "నాడు–నేడు" ప్రారంభమై తొలివిడతలో 15,715 పాఠశాలలను చేపట్టినది. పనులను తలిదండ్రుల సంఘముల ద్వారా చేయించిరి. తెలంగాణమున 2022లో "మన ఊరు – మన బడి" యను కార్యక్రమము వచ్చినది. నగరములలో దానికి "మన బస్తీ – మన బడి" యని పేరు. తొలివిడతకు 9,123 పాఠశాలలను ఎన్నుకొనిరి. నీటి వసతిగల మరుగుదొడ్లు, విద్యుత్తు, త్రాగునీరు, బల్లలు, మరమ్మతులు మొదలగు పండ్రెండు అంశములు అందుండెను. 2024లో మహిళా స్వయంసహాయక సంఘములకు బాధ్యతనిచ్చుచు "అమ్మ ఆదర్శ పాఠశాల" సంఘములు ఏర్పడినవి. ప్రభుత్వము మారినను, పథకము పేరు మారినను ఒక్క సూత్రము మాత్రము మారలేదు: తల్లి చూచిన బడి బాగుపడును.

అయితే ధనము గోడ కట్టగలదు కాని తాళము తీయజాలదు. నా పాఠశాలలో మరుగుదొడ్లు ఉండెను. లేనిది తీయు చేయి. సంఘములు కాగితముపై నుండి, సమావేశపు పుస్తకమున సంతకములు మాత్రము ఇంటింటికి తిరిగి సేకరింపబడినచో, అది కూడ తాళము వేసిన గదియే. నాడు నా బడిలో అట్టి సంఘముండి, ఆ గాజులపని తల్లి అందు సభ్యురాలై యుండినచో, ఆమె మాట దసరాకు ముందే నా చెవిని పడియుండెడిది.

ప్రజలు నిలిపిన బడి

ప్రభుత్వ సహాయము లేని కాలముననే మన పెద్దలు ఏమి చేసిరో ఒక ఉదాహరణము చాలును. నిజాము రాజ్యమున విద్య ప్రధానముగ ఉరుదూలో సాగుచుండెను. చార్మినారునుండి మూసీ దాటినచో సుల్తాను బజారు ప్రాంతము. అచ్చట 1901లో తెలుగువారు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. తరువాత 1928లో మాడపాటి హనుమంతరావుగారు, వారి మిత్రులు నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగున చదువు చెప్పు ఆంధ్ర బాలికా పాఠశాలను నెలకొల్పిరి. పై తరగతులకు నిజాము ప్రభుత్వము గుర్తింపు దొరకనందున, పూనాలో కార్వే మహాశయుడు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమునకు దానిని అనుబంధించిరి. తమ పిల్లలు తమ భాషలో చదువవలెనన్న పట్టుదలతో పొరుగు ప్రాంతపు పరీక్షలకు పంపియైనను ఆ చదువును ఆగనీయలేదు. ఆ మాడపాటివారే 1951లో హైదరాబాదునకు ప్రథమ మేయరైరి.

వారికి చట్టము తోడు లేదు; మనకు కలదు. వారికి ప్రభుత్వ ధనము లేదు. మనకు కొంతయైనను వచ్చుచున్నది. మనకు లోపించినది వారి మనస్సు మాత్రమే.

మన ఇండ్లనుండి ఏమి చేయవచ్చును?

"మా పిల్లలు ఆ బడిలో చదువుటలేదు గదా!" అని కొందరనవచ్చును. నిజమే. శక్తిగలవారు తమ పిల్లలను ప్రైవేటు బడులకు పంపుచున్నారు. కాని దేవాలయమునకు పూలు ఇచ్చువాడు ఆ పూలు తాను ధరించుటకే ఇచ్చుచున్నాడా? తీర్థము మోసినవాడు తన దాహమునకే మోసెనా? తనది కాని బిడ్డకు చేసినదే కైంకర్యమను పేరునకు తగును. ఈ క్రింది పనులలో ఏదైన ఒక్కటి మీ ఇంటివారు స్వీకరింపవచ్చును.

మొదటిది నీటి కైంకర్యము. వారమునకొకమారు బడికి పోయి త్రాగునీటి తొట్టి శుభ్రముగ నున్నదా, మరుగుదొడ్డిలో నల్లా వచ్చుచున్నదా, బాలికల గది తాళము పగటివేళ తీసియున్నదా అని చూడవలెను. ఇంటి ఆడవారు పోయినచో పిల్లలు నిజము చెప్పుదురు.

రెండవది శ్రవణ కైంకర్యము. గ్రామీణ భారతమున 2024లో జరిగిన అసర్ పరిశీలనలో, ఐదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి వాచకమును చదువగలిగినవారు సగముకంటె తక్కువయని తేలినది. తరగతిలో ఒక్కొక్క బిడ్డ చదువుట వినుటకు ఉపాధ్యాయునకు తీరిక చాలదు. ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు, చదువుకొన్న గృహిణులు ప్రధానోపాధ్యాయుని అనుమతితో దినమునకు ఒక గంట కూర్చుండి, ఒక్కొక్క బిడ్డ పది నిమిషములు బిగ్గరగా చదువుచుండగా వినవచ్చును. తప్పు చదివినను కసరరాదు. వినుట మాత్రమే ఆ పని. నవవిధ భక్తులలో శ్రవణము మొదటిదని ప్రహ్లాదుడు చెప్పియున్నాడు గదా!

మూడవది గ్రంథ కైంకర్యము. బీరువా తెరువబడియున్నదా? చిరిగిన పుస్తకములకు అట్ట వేయుట, పోయినదానికి బదులు మరియొకటి కొని యిచ్చుట మనము చేసినచో, ప్రధానోపాధ్యాయునకు లెక్కల భయము తీరును. ఆయన భయము తీరినప్పుడే పిల్లలకు పుస్తకము అందును.

నాలుగవది హాజరు కైంకర్యము. మూడు దినములు వరుసగ రాని బిడ్డ ఇంటికి నాలుగవ దినమున ఎవరైన పోయి కారణము అడుగవలెను. నేను చాల దినములు ఆగి అడిగితిని, ఆలస్యమైనది.

ఇచ్చట ఒక హెచ్చరిక. కైంకర్యమనగా బడిలో మన మతమును బోధించుట కాదు. పూర్తిగా ప్రభుత్వ ధనముతో నడచు పాఠశాలలో మతబోధ కూడదని రాజ్యాంగము చెప్పుచున్నది, అది సబబే. పాతబస్తీ బడిలో తిరునామము పెట్టుకొన్న తాతగారి ప్రక్కన బురఖా వేసికొన్న తల్లి కూర్చుండును. ఇద్దరి ఎదుట నున్నది ఒకే తొట్టి, ఒకే నీరు. నీళ్ళు పల్లమునకు ప్రవహించినట్లు విద్యార్థులు అన్ని దిక్కులనుండి తనయొద్దకు రావలెనని తైత్తిరీయోపనిషత్తులో ఆచార్యుడు ప్రార్థించుచున్నాడు. ఏ దిక్కువారు, ఏ ఇంటివారు అని విభజింపలేదు. తిరుక్కోటియూరు గోపురమెక్కి రహస్యమంత్రమును అందరికి వినిపించిన రామానుజుల శిష్యులమైన మనము, చదువును కొందరికి మాత్రమే కోరరాదు.

విన్నపము

ఆస్తికమహాశయులారా! మీరు యాత్రలు చేయుచున్నారు, హుండీలో ముడుపు వేయుచున్నారు, అన్నదానమునకు విరాళములిచ్చుచున్నారు. అవన్నియు జరుగవలసినవే. వానితోపాటు మీ ఇంటికి దగ్గరలోనున్న పాఠశాలకు ఒక్కమారు పోయి, తాళపుచెవులు ఎవరి చేతనున్నవో కనుగొనుడు. అది చాలును. ఆ ఒక్క ప్రశ్ననుండి తక్కిన పనులు తమంతట తామే తోచును.

ఆ బాలిక నేడు నడివయస్సునకు వచ్చియుండును. ఆమెకు బిడ్డలుండవచ్చును, వారు ఏ బడిలోనో చదువుచుండవచ్చును. ఆ బడిలో తాళము తీసియుండవలెననియు, తొట్టిలో నీరుండవలెననియు, అడిగిన బిడ్డను కసరువారు లేకుండవలెననియు నేను ప్రతిదినము సంధ్యవేళ ప్రార్థించుచున్నాను.

దాహమని చేయి చాపి, నీరు మోసిన వృద్ధుని అనుగ్రహించిన శ్రీనివాసుడు మన చేతులకును అట్టి కుండ నొసగుగాక!